ఫెలిజ్మీనా వదిన విలువ కట్టిన చెట్లు

మొన్న పింఛను కాగితం మీద ముద్ర వేయించుకుందామని మా సహకార సంఘం ఆఫీసుకు వెళ్లాను. మా ఫెలిజ్మీనా వదిన కూర్చునే కుర్చీలో ఇప్పుడు ఒక చిన్నపిల్ల కూర్చుంటోంది. ఆమె ముందున్న కంప్యూటరు తెర మీద ఆకాశం నుంచి తీసిన మా అడవి ఫొటో. చెట్టుకొక చుక్క.

"ఇదేంటమ్మా, ధనియాలు ఆరబోసినట్టుంది?" అన్నాను.

"మన బిరడా చెట్లే తాతా. ఎన్నున్నాయో, బెరడు ఎంత దిగుతుందో మొత్తం ఇదే లెక్కేసి చెప్పేస్తుంది."

"చెట్టుని ముట్టుకోకుండానే?"

"ముట్టుకోవడం ఎందుకు తాతా?"

నాకు ఒళ్లు మండింది. ముద్ర సంగతి కూడా మరిచిపోయి బయటికి వచ్చేశాను. ముట్టుకోవడం ఎందుకట! ఆ కుర్చీ నిలబెట్టుకోవడం కోసం నలభై తొమ్మిదేళ్ల మనిషి ఆరువందల చెట్లను ఒక్కొక్కటిగా వాటేసుకుని కొలిచిందని ఈ పిల్లకు ఎవరు చెబుతారు? నేనే చెప్పాలి. చెబితే నేను చేసిన వెధవపని కూడా చెప్పుకోవాలి. అందుకే ఇన్నేళ్లూ నోరు కట్టుకుని కూర్చున్నాను. ఇక కూర్చోలేను.

నా పేరు కుస్తోడియో, ఇంటిపేరు కాన్సాడు. మా సాంతా రుఫీనా సంఘంలో ముప్పై ఒక్క ఏళ్లు కాటా గుమస్తాగా చేశాను. అడవిలో ఒలిచిన బెరడు ట్రాక్టర్ల మీద నా కాటా దగ్గరికి వచ్చేది. తూచి చీటీ రాసిచ్చేవాణ్ని. మా అన్న బల్తజార్ గొడ్డలి మేస్త్రీ. సీసాల బిరడాలకు పనికొచ్చే ఆ బెరడును ఒలవడం మా వైపు అన్నిటికంటే ఎక్కువ కూలి వచ్చే పని, అన్నిటికంటే ఎక్కువ పొగరున్న పని కూడా. గొడ్డలి పై బెరడును మాత్రమే చీల్చాలి. దాని కింద పలచగా ఇంకో పొర ఉంటుంది, దాన్ని మేం తల్లి అంటాం. తల్లికి గాయమైతే ఆ చోట చెట్టు మళ్లీ సరైన బెరడు ఇవ్వదు. ఒలవడం అయ్యాక కాండం మీద తెల్లరంగుతో ఆ సంవత్సరం చివరి అంకె వేస్తారు. తొంభై రెండులో ఒలిస్తే రెండు. మళ్లీ తొమ్మిదేళ్ల దాకా ఆ చెట్టు జోలికి పోకూడదు. అంకె చూస్తే ఏ ఏడు ఒలిచారో తెలుస్తుంది. ఏ ఏడో తెలిస్తే ఏ మేస్త్రీ ఒలిపించాడో మా ఊళ్లో ఎవరైనా చెబుతారు.

మా అన్న భార్యే ఫెలిజ్మీనా. పెళ్లికి ముందే మా జిల్లా పట్నం ఎవోరాలో వాణిజ్యశాస్త్రం డిగ్రీ చేసి వచ్చింది. గొడ్డలివాడి ఇంటికి డిగ్రీ ఉన్న కోడలా అని మా అమ్మ మొదట్లో భయపడింది కూడా. సంఘం లెక్కలు ఇరవై రెండేళ్లు ఆవిడే రాసింది. ఆవిడ పుస్తకాల్లో కొట్టివేత ఒక్కటి ఉండేది కాదు. తల దువ్వినంత నున్నగా రాసేది.

రెండువేల సంవత్సరం సెప్టెంబరులో సంఘం అధ్యక్షుడు ఔరేలియానో గారు ఆఫీసుకు వచ్చి ఒక కాగితం బల్ల మీద పెట్టారు.

"వచ్చే జూన్ నించి చెట్లకి కూడా విలువ కట్టి ఆస్తి కింద చూపాలంట ఫెలిజ్మీనా. ఆ లెక్క మీద సంతకం పెట్టేవాళ్లకి దానికని వేరే సర్టిఫికెట్ ఉండాలంట. నీకు లేదు కదా. పుస్తకాలన్నీ లిస్బన్‌లో ఏదో ఆఫీసుకి అప్పజెప్పేద్దాం అనుకుంటున్నాం. నువ్వు కూడా హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు."

"హాయి సంగతి తర్వాత చూసుకుందాం అయ్యా," అంది వదిన. "ఆ సర్టిఫికెట్ ఎక్కడిస్తారో అది చెప్పండి."

ఎవోరాలో ఒక కళాశాలలో ఇస్తారు. పట్టభద్రులకు మాత్రమే. అక్టోబరు నుంచి మే దాకా ప్రతి శనివారం తరగతులు. చెట్లు, పశువులు, తోటలు, ఇలా ప్రాణమున్న ఆస్తులకు విలువ కట్టే లెక్కలు. మా ఊరు ఊరంతా నవ్వింది. కాఫీ దుకాణంలో, "మీ వదిన గొర్రెలకి జీతాలు కడుతుందంట కదా!" అని నన్ను ఆటపట్టించారు. నేను కూడా నవ్వాను, అబద్ధమెందుకు.

మొదటి శనివారం సాయంత్రం బస్సు దిగేసరికి వదిన ముఖం ఎర్రగా ఉంది.

"ఏమైంది వదినా?"

"ఏమవుతుంది! నేను గదిలోకి అడుగు పెట్టగానే పిల్లలందరూ లేచి నిలబడ్డారు. నేనే పాఠం చెప్పేదాన్ని అనుకున్నారంట. వెళ్లి వెనక బెంచీలో కూర్చునేదాకా నా ప్రాణం నాది కాదు."

"పోనీ, పాఠమే చెప్పేసి రాకపోయావా!"

"నోర్ముయ్."

ఆ చలికాలం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల వేళ వదిన పుస్తకాలు పట్టుకుని నా కాటా గదికి వచ్చేది. ఆఫీసు కంటే అది వెచ్చన. బల్ల కింద కుంపటి, మోకాళ్ల మీదికి దుప్పటి. చలికాలం బెరడు రాదు కాబట్టి నాకూ పనుండేది కాదు. ఆవిడ చదివింది నాకు చెప్పేది. నేను వినకపోయినా చెప్పేది.

"ఇది చూడు కుస్తోడియో. మామూలు ఆస్తి వాడేకొద్దీ విలువ తగ్గుతుంది. ప్రాణమున్న ఆస్తి అట్లా కాదు. మనం ఏమీ చెయ్యకపోయినా అదే పెరుగుతుంది. ఆ పెరిగింది కూడా లాభం కిందే రాయాలి."

"నా పొట్ట కూడా అంతే వదినా. నేనేమీ చెయ్యకుండానే పెరుగుతోంది. దాన్ని కూడా సంఘం లాభం కింద రాయి."

వదిన పుస్తకంతో నా నెత్తిన ఒక్కటిచ్చేది. బయట వాన, లోపల బెరడు వాసన. చదునయ్యేందుకు ఉడకబెట్టిన బెరడు వాసన తెలిసినవాళ్లకు తెలుస్తుంది, అది బట్టలకు పడితే ఒక పట్టాన వదలదు. ఆ గదిని తర్వాత పడగొట్టేశారు. ఆ రోజులు ఒక్క వారం తిరిగి వస్తే చాలు, నాకింకేమీ వద్దు అనిపిస్తుంది.

డిసెంబరు పరీక్షలో ఇరవైకి ఎనిమిది వచ్చాయి. పది వస్తే గాని గట్టెక్కరు. ఇరవై రెండేళ్లలో తప్పు లెక్క వేయని మనిషికి ఎనిమిది! తల కొట్టేసినట్టయింది ఆవిడకు. మా అన్న కోటు తొడుక్కుంటూ, "చెట్టెక్కినవాడికి కాలు జారదా? మళ్లీ ఎక్కు," అని అడవికి వెళ్లిపోయాడు. మా అన్న మాటలు అంతే. రోజుకు ఇన్ని మాటలని లెక్కపెట్టుకుని మాట్లాడేవాడు.

ఫిబ్రవరిలో పధ్నాలుగు తెచ్చుకుంది. ఇక మిగిలింది ఆఖరి నివేదిక. సగం మార్కులు దానికే. ప్రతివాళ్లూ ప్రాణమున్న ఒక ఆస్తిని తామే కొలిచి, విలువ కట్టి, పంతులమ్మగార్ల ముందు నిలబడి ఒప్పించాలి. అది తప్పితే సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేకపోతే జూన్ ఒకటి నుంచి కుర్చీ లేదు. వదిన గువ్వల లోయ ఎంచుకుంది. సంఘం చెట్లలో అదే పెద్ద తోపు. ఆరువందల పదకొండు చెట్లు, అన్నిటి మీదా రెండు అంకె. ఆ వేసవిలోనే ఒలవాల్సినవి.

ఆ పేరు వినగానే వంగి కుంపట్లో నిప్పు ఎగదోయడం మొదలుపెట్టాను.

మార్చిలో ఆదివారాలు ఇద్దరం వెళ్లేవాళ్లం. వదిన కొలతపట్టీ చుట్టూ తిప్పడానికి చెట్టును వాటేసుకునేది, నేను వెనక నుంచి చివర అందుకుని అంకె చదివేవాణ్ని. మూడో ఆదివారం వాగు పక్కన చెట్టు దగ్గర ఆవిడ ఆగింది. బెరడు మీద నిలువునా నల్లటి చార, లోపలికి నొక్కుకుపోయి ఉంది. దాని పక్క చెట్టు మీద రెండు. అవతల చెట్టు మీద మూడు.

"ఇదేంటి కుస్తోడియో?"

"వడగాలికి పగిలుంటుంది వదినా."

"వడగాలి ఇంత తిన్నగా కొడుతుందా?"

నేను చెప్పులకు అంటిన మట్టి దులుపుకుంటున్నట్టు వంగాను. ఆవిడ చార వంక చూసింది, పైన ఉన్న రెండు అంకె వంక చూసింది. తొంభై రెండులో గువ్వల లోయ మేస్త్రీ ఎవరో ఆవిడకు నేను చెప్పాలా? కొలతపట్టీ చుట్టేసి రాయి మీద కూర్చుంది. తల్లికి గాయం చేసిన మేస్త్రీ గొడ్డలి దించేయాలి. అది కాగితం మీద రాసిన నిబంధన కాదు, అంతకంటే గట్టిది. మా తాతల నాటి నుంచి ఉంది.

"నీకు ముందే తెలుసు," అంది.

తెలుసు. ఎందుకంటే అది చేయించింది నేను. తొంభై రెండులో వానలు లేవు. చెట్టుకు నీళ్లు లేకపోతే బెరడు పట్టు వదలదు. అలాంటప్పుడు గొడ్డలి ఆపి, ఏడాది ఆగి రావాలి. అవతలి లోయలో ఇంకో మేస్త్రీ జోవియానో దళం అక్కడి ఊటల పుణ్యాన రోజూ నాలుగు ట్రాక్టర్లు దింపుతోంది. మా అన్న ఒక్క ట్రాక్టరు తెచ్చాడు. కాటా చుట్టూ పదిమంది ఉన్నారు. నాకా నోరు ఊరుకోదు. "ఏంటన్నా, బెరడు తెచ్చావా, నెలవంక తెచ్చావా? జోవియానో వాళ్లావిడ వంటచెరకు కూడా దీనికంటే ఎక్కువ తూగుద్ది!" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. మా అన్న నవ్వలేదు. మర్నాటి నుంచి నాలుగు ట్రాక్టర్లు వచ్చాయి. నేను తూచాను, చీటీలు రాశాను, ఎలా వచ్చాయని అడగలేదు. బెరడు లోపలివైపు తల్లిపొర ముక్కలు అతుక్కుని ఉండడం ఈ కళ్లతో చూశాను.

అదంతా అక్కడే రాయి పక్కన నిలబడి వదినకు చెప్పేశాను. చెప్పి, సిగ్గులేకుండా ఇంకో మాట కూడా అన్నాను.

"మీ లెక్కలో అన్ని చెట్లూ చూడక్కర్లేదు కదా వదినా, కొన్ని తీసుకుంటే చాలంటివి. పై గట్టు చెట్లు తీసుకో. అవి బాగున్నాయి. ఎవోరా నించి వచ్చి ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు," అంది. "అందుకేగా సంతకం అడుగుతున్నారు."

ఆ తర్వాత రెండు వారాలు ఆవిడ ఒక్క అక్షరం రాయలేదు. కాటా గదికి రాలేదు. రాస్తే మొగుడి గొడ్డలి పోతుంది. రాయకపోతే తను పెట్టబోయే మొదటి సంతకమే అబద్ధం. రెండూ కాదని చదువు మానేస్తే ఇరవై రెండేళ్ల కుర్చీ పోతుంది. నివేదిక ఇవ్వడానికి ఇరవై రోజులే ఉన్నాయి.

ఒక ఆదివారం వాళ్లింట్లోనే భోంచేస్తున్నాను. కొత్తిమీర, వెల్లుల్లి నూరి వేడినీళ్లు పోసి, రొట్టెముక్కలు, గుడ్డు వేసిన పులుసు. వదిన చేతిదానికి తిరుగులేదు. ఆ రోజు ఉప్పు వేయడం మరిచిపోయింది. మా అన్న ఉప్పు వేసుకున్నాడు, తిన్నాడు, చెంచా తుడిచి పక్కన పెట్టాడు.

"గువ్వల లోయ కొలుస్తున్నావంట."

"ఊ."

"ఎన్ని రాశావు?"

"ఏవి?"

"నీకు తెలుసు ఏవో."

వదిన తల దించుకుంది. "ఏమీ రాయలేదు బల్తజార్. ఇంకో తోపు తీసుకుంటాను. లేదంటే మానేస్తాను. నాకేం, ఇంట్లో పని లేదా?"

మా అన్న లేచి గోడకున్న గొడ్డలి తీసుకున్నాడు. "పుస్తకం తెచ్చుకో. ఒరేయ్, నువ్వు కూడా రా."

మా అన్న వాగు దగ్గర మొదటి చెట్టు నుంచి మొదలుపెట్టాడు. గొడ్డలి వెనకభాగంతో కాండం మీద తట్టి, చెవి ఆనించి వినేవాడు. పైకి చార కనిపించని చెట్లకు కూడా లోపలి దెబ్బ ఆయనకు వినిపించేది. "రాయి," అనేవాడు. వదిన రాసేది. "ఇది బాగుంది, వదిలెయ్." "ఇది రాయి, రెండు చోట్ల." కొన్నిటి దగ్గర నిలబడిపోయేవాడు. తొమ్మిదేళ్ల కిందటి ఒక్కొక్క దెబ్బ ఆయనకు గుర్తుంది.

నలభయ్యో చెట్టు దగ్గర వదిన, "ఇది నీ దెబ్బ కాదేమో. దళంలో వేరేవాళ్లది అయ్యుంటుంది," అంది.

"మేస్త్రీని నేను. నా పేరు కిందే రాయి."

నేను తట్టుకోలేకపోయాను. "అన్నా, ఆ రోజు కాటా దగ్గర నేను అనకపోయుంటే..."

మా అన్న నా వంక చూశాడు. కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"నువ్వు నోరు పారేసుకున్నావు. గొడ్డలి నా చేతిలో ఉంది," అని తర్వాతి చెట్టు దగ్గరికి వెళ్లిపోయాడు.

రెండు ఆదివారాలు పట్టింది. ఆరువందల పదకొండులో నూట అరవై మూడు. వదిన వాటి బెరడును లెక్కలోంచి తీసేసి విలువ కట్టింది. తోపు విలువలో దాదాపు నాలుగో వంతు పోయింది.

మేలో ఎవోరాకు నేనూ వెళ్లాను. మా అన్న రానన్నాడు. వెనక వరుసలో కూర్చున్నాను. ముగ్గురు పరీక్ష చేసేవాళ్లలో పెద్దావిడ దోన లియోకాడియా, కళ్లజోడు ముక్కు చివరకు దించుకుని నివేదిక తిప్పుతోంది.

"ఈ నూట అరవై మూడు చెట్లలో సగానికి పైకి గాయం కనపడదని మీరే రాశారు. మరి మీకెలా తెలిసింది?"

"ఆ ఏడు ఒలిపించిన మేస్త్రీ చూపించారండీ."

"తన తప్పు తనే చూపించాడా?" ఆవిడ కళ్లజోడు తీసేసింది. "ఎందుకు చూపిస్తాడమ్మా? ఇందులో అతనికేం లాభం?"

వదిన బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. నాకు ఆవిడ వేళ్లు కనిపిస్తున్నాయి.

"లాభం ఏమీ లేదండీ. పని పోతుంది. పేరు ఆఖరి పేజీలో ఉంది. బల్తజార్ కాన్సాడు. మా ఆయన."

దోన లియోకాడియా ఆఖరి పేజీ తీసి చదువుకుంది. ఇంకో ప్రశ్న అడగలేదు. ఇరవైకి పదిహేడు వేశారు. ఆ ఏడాది అందరిలోకీ ఎక్కువ. బస్సులో వదిన కిటికీ వైపు తిరిగి దారి పొడుగునా ఏడ్చింది. నేను నా జేబురుమాలు ఇచ్చాను, అది మురికిగా ఉందని తిట్టి మరీ తీసుకుంది.

సర్టిఫికెట్ మే ఆఖరులో తపాలాలో వచ్చింది. సంఘంలో ఔరేలియానో గారు చెయ్యి కలిపి అభినందించారు. అదే రోజు సాయంత్రం కార్యవర్గం కూర్చుని నివేదిక చదివింది. ఒకరిద్దరు చూసీచూడనట్టు పోదామన్నారు. మా అన్నే లేచి గొడ్డలి మేస్త్రీగా తన పేరు తీసేయమన్నాడు.

జూన్ ఒకటో తారీకు పొద్దున ఆ వేసవి పనివాళ్ల జాబితా వదిన బల్ల మీదికి వచ్చింది. చెట్ల లెక్కకు సంబంధించిన ప్రతి కాగితం మీదా ఇక ఆవిడే సంతకం పెట్టాలి. చెట్ల మీద చెయ్యి వేసేవాళ్ల జాబితా కూడా అందులోకే వస్తుంది, ఇదే మొదటిది. నేను టైపు చేసిన కాగితమే. గొడ్డలివాళ్లు అని పైన పధ్నాలుగు పేర్లు, మొదటిది జోవియానోది. కింద మోతగాళ్లు. ఒలిచిన బెరడు మోసుకొచ్చి ట్రాక్టరులో పేర్చేవాళ్లు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లలు. వాళ్లలో ఆఖరి పేరు బల్తజార్ కాన్సాడు, వయసు యాభై నాలుగు.

వదిన కలం మూత తీసింది. కాగితం మీద ఆనించి అలాగే ఉండిపోయింది. బయట ట్రాక్టరు ఇంజను తిరుగుతోంది. ఎవరో ఈల వేశారు. తలుపు తోసుకుని మా అన్న లోపలికి వచ్చాడు, భుజానికి మోతగాళ్లు వేసుకునే గోనెగుడ్డ.

"ఏంటి ఆలస్యం? సంతకం పడితే గాని బండి కదలనీయరంట."

వదిన తల ఎత్తలేదు. "నా చెయ్యి రావడం లేదు బల్తజార్."

"పదిహేడు మార్కులు తెచ్చుకున్న చెయ్యి, రాకపోవడమేంటి? పెట్టు."

ఆవిడ పెట్టింది. పేరు, దాని కింద కొత్తగా వచ్చిన అర్హత, తేదీ. మా అన్న కాగితం తీసుకుని, సిరా ఆరేదాకా అటూ ఇటూ ఊపి, ఆ సంతకం వంక కాసేపు చూశాడు. ఆయన ముఖంలో అంత గర్వం ఆయన గొడ్డలి పట్టిన ఏ రోజునా నేను చూడలేదు. "బాగుంది," అని వెళ్లిపోయాడు.

వదిన కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. మా అన్న మోకాలి మీద చెయ్యి పెట్టుకుని ట్రాక్టరు ఎక్కుతున్నాడు. పైనున్న పిల్లాడొకడు చెయ్యి అందించాడు. మా అన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు. బండి మలుపు తిరిగేదాకా వదిన అక్కడే ఉంది. జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను.

ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుంది, ముఖం తుడుచుకుంది, కలం తీసుకుంది.

"తర్వాతి కాగితం ఇవ్వు కుస్తోడియో," అంది.